తమ్ముడి పరుగు

1988వ సంవత్సరం. కాలిఫోర్నియాలో శాన్ రఫేల్ అనే ఊరు. అక్కడి బ్రోడర్‌బండ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫీసులో ఒక ఆపిల్ టూ కంప్యూటర్. దాని తెరమీద తెల్లబట్టల కుర్రాడొకడు పరుగెడుతున్నాడు. గొయ్యి అడ్డొస్తే దూకుతున్నాడు. దూకుడు చాలకపోతే అంచు పట్టుకుని వేలాడి, చేతుల బలంమీద పైకి వస్తున్నాడు. వేగంగా వస్తూ ఆగాలంటే టక్కున ఆగడు. ఒకటి రెండు అడుగులు జారి, ఒళ్లు వెనక్కి వాల్చి నిలదొక్కుకుంటాడు. మనిషికి బరువుంటుందన్న సంగతి అప్పటిదాకా కంప్యూటర్ గేములకు తెలియదు. ఈ కుర్రాడికి బరువుంది.

కీబోర్డు ముందున్న యువకుడి పేరు జోర్డన్ మెక్నర్. పాతికేళ్లు నిండలేదు. ఈ ఆటమీద కూర్చుని అప్పటికే మూడో ఏడు నడుస్తోంది. ఆటలో ఉచ్చులున్నాయి, తలుపులున్నాయి, చెరసాల ఉంది. తలపడటానికి మాత్రం ఎవరూ లేరు.

అది మరచిపోవడంవల్ల జరిగింది కాదు, జోర్డన్ కోరి పెట్టుకున్న నియమం. అతని మొదటి గేము కరాటేకా మొదట్నుంచి చివరిదాకా కొట్లాటే. 1984లో, ఇంకా యేల్ యూనివర్సిటీలో చదువుతుండగానే వచ్చి పేరు తెచ్చిపెట్టింది. రెండోసారి అదే దారిలో పోకూడదు, ఈసారి కథానాయకుడు ఎవర్నీ చంపకూడదు అనుకున్నాడు. కానీ ఆడిచూసినవాళ్లకు కాసేపటికి ఆట చప్పబడుతోంది. అదే ఆఫీసులో పనిచేస్తున్న టోమీ పియర్స్ ఆ సంగతి మొహమాటం లేకుండా చెప్పింది. పోరాటం పెట్టాల్సిందేనని కలిసినప్పుడల్లా పట్టుబట్టింది. అతను తప్పించుకోవడానికి ఒక గట్టి కారణమే చూపించాడు. ఆ కంప్యూటర్‌లో జ్ఞాపకశక్తి మొత్తం 128 కిలోబైట్లు. ఇవాళ ఫోనుతో తీసే ఒక్క ఫొటో అందులో పట్టదు. ఆ తెల్లబట్టల రాకుమారుడి పరుగులు, దూకుళ్లే ఆ చోటంతా తినేశాయి. ఇంకో మనిషిని తెరమీదికి తేవాలంటే వాడి బొమ్మలు పెట్టుకోవడానికి జాగా ఏది?

అప్పుడొచ్చిన ఆలోచన కంప్యూటర్ గేముల చరిత్రలో ఎన్నదగినది. కొత్త మనిషికి కొత్త బొమ్మలు అక్కర్లేదు, రాకుమారుడి బొమ్మే చాలు. ఆ బొమ్మను ఒక్క చుక్క పక్కకు జరిపి దానిమీదే వేసి, రెంటిలోనూ వెలిగే చుక్కలు ఆరిపోయేలా లెక్క కట్టాలి. ఒళ్లంతా మాసిపోయి, అంచులు మాత్రం మిణుకుమిణుకుమంటూ మిగులుతాయి. జోర్డన్ చేసి చూశాడు. తెరమీద రాకుమారుడి ఎదురుగా అతని నీడ నిలబడింది. అదే ఎత్తు, అదే నడక. అదనంగా అడిగిన చోటు దాదాపు ఏమీ లేదు.

నీడ వచ్చాక కథే మారిపోయింది. చెరసాలలో ఒకచోట దారికి అడ్డంగా అద్దం. వెనక్కి వెళ్లి, పరుగెత్తుకొచ్చి, అద్దంలోకి దూకితేనే ముందుకు దారి. దూకిన క్షణంలో అద్దంలోంచి నీడ ఎదురువైపు దూకి పారిపోతుంది. రాకుమారుడి ప్రాణం ఒక్క చుక్కకు పడిపోతుంది. అక్కడినుంచి ఆ నీడ వెంటాడుతూనే ఉంటుంది. మనం తాగాల్సిన మందు సీసా తను ముందే తాగేస్తుంది, మనం అందుకోబోయే తలుపును ఎదుటే మూసి అగాధంలో పడేస్తుంది. చివరికి కత్తి దూసి నిలబడుతుంది. దాన్ని పొడిస్తే గాయం మనకే. చంపితే చచ్చేది మనమే.

ఇదంతా ఇంత వివరంగా తెలియడానికి కారణం జోర్డన్ ఆ రోజుల్లో రాసుకున్న డైరీలు. 2011లో వాటిని పుస్తకంగా తెచ్చాడు. గెలిచినవాడు తర్వాత తీరిగ్గా చెప్పుకున్న కథ కాదది. రేపు ఏమవుతుందో తెలియని కుర్రాడు ఆ రాత్రికారాత్రి రాసిపెట్టుకున్నది. అందుకే నమ్మబుద్ధవుతుంది.

ఇక మూడేళ్లు వెనక్కి వెళ్లాలి. 1985 అక్టోబరు. న్యూయార్క్ రాష్ట్రంలోని చాపక్వా. జోర్డన్ డిగ్రీ పూర్తయి ఇంటికొచ్చాడు. సినిమాలకు కథలు రాయాలా, ఇంకో గేము చెయ్యాలా అన్నది తేలలేదు. తలలో మాత్రం వెయ్యిన్నొక్క రాత్రుల బాగ్దాదూ, ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ సినిమా మొదటి పది నిమిషాలూ కలిసి తిరుగుతున్నాయి. ఆ సినిమాలో హీరో గొయ్యి దూకుతాడు, అంచు అందీ అందకా వేలాడతాడు. అదీ కావలసింది.

హైస్కూల్లో చదువుతున్న తమ్ముడు డేవిడ్‌ను వెంటబెట్టుకుని, స్కూలుకు ఎదురుగా ఉన్న రీడర్స్ డైజెస్ట్ ఆఫీసు కార్ల స్థలానికి వెళ్లాడు. మన తాతలూ నాన్నలూ తెప్పించుకున్న ఆ పత్రికకే అక్కడ ప్రధాన కార్యాలయం ఉండేది. తమ్ముడి ఒంటిమీద తెల్లబట్టలు. అన్న చేతిలో వీడియో కెమెరా. పరుగెత్తాడు. ఆగాడు. వెనక్కి తిరిగాడు. దూకాడు. గోడ అంచు పట్టుకుని ఎగబాకాడు. మళ్లీ పరుగెత్తాడు.

ఆ వీడియో ఇప్పటికీ ఉంది, ఎవరైనా చూడొచ్చు. ఆ ఆటతో పెరిగినవాళ్లు మొదటిసారి చూసినప్పుడు గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంటుంది. ముఖం కొత్తే, ఎవరో అమెరికా పిల్లవాడు. కానీ ఆ నడుం వంపు, దూకేముందు చేతులు వెనక్కి ఊపే తీరు, గోడెక్కేటప్పుడు ఆ భుజం... మనకు తెలుసు. వాణ్ని మనం నడిపించాం.

టేపులోంచి కంప్యూటర్‌లోకి రావడం ఒక తపస్సు. ఇవాళ తీగ కలిపితే చాలు. అప్పుడు అలాంటి దారి లేదు. జోర్డన్ టేపును టీవీలో పెట్టి, ఒక్కో చిత్రం దగ్గర ఆపి, చీకటిగదిలో టీవీ తెరను మామూలు ఫిల్ము కెమెరాతో ఫొటో తీశాడు. ఫిల్మును స్టూడియోకిచ్చి ప్రింట్లు వేయించాడు. ప్రింటుమీద తమ్ముడి ఒంటి చుట్టూ నల్ల మార్కరుతో నింపి, ఒంటిని తెల్ల ఇంకుతో దిద్ది, మనిషి ఆకారం మాత్రమే మిగిల్చాడు. అవన్నీ వరసగా అతికించి జెరాక్స్ తీసి, ఆ కాగితాన్ని ఇంకో కెమెరాతో కంప్యూటర్‌కు చూపించాడు. తెరమీద పడిన మసక చుక్కల్ని ఒక్కొక్కటే చేత్తో సరిచేసుకున్నాడు. పరుగుకు కొన్ని బొమ్మలు, దూకుడుకు కొన్ని, గోడెక్కడానికి కొన్ని. మనిషిని ఫిల్ము తీసి దానిమీద బొమ్మలు గీయడం సినిమావాళ్లకు 1910ల నుంచీ తెలుసు, మాక్స్ ఫ్లైషర్ కనిపెట్టిన పద్ధతి. జోర్డన్ కూడా కరాటేకా కోసం ఒక కరాటే గురువును అలాగే సూపర్ 8 ఫిల్ముమీద పట్టాడు. కానీ ఇంత నిండుగా, ఇంత చిన్న కంప్యూటర్‌లో ఒక దేహాన్ని నిలబెట్టడం ఇదే మొదలు.

తర్వాతి మాటలు త్వరగా చెప్పుకోవచ్చు. 1986లో కాలిఫోర్నియా వెళ్లాడు. సినిమా పిచ్చి వదల్లేదు. స్క్రీన్‌ప్లే రాస్తూ గేమును నెలల తరబడి పక్కన పడేశాడు. సినిమా కాలేదు, గేము దగ్గరికి తిరిగొచ్చాడు. కత్తియుద్ధానికి మళ్లీ మనుషులు కావలసి వచ్చినప్పుడు ఆ పాత సినిమా ప్రేమే అక్కరకొచ్చింది. 1938 నాటి రాబిన్ హుడ్ సినిమాలో ఎరోల్ ఫ్లిన్, బాసిల్ రాత్‌బోన్ తలపడే ఘట్టం. అందులో కొన్ని క్షణాలపాటు ఇద్దరూ సరిగ్గా పక్కనుంచి కనబడతారు. రాకుమారుడికీ కాపలాభటుడికీ మధ్య ఖణేలుమనే కత్తులు ఆ కొన్ని క్షణాల్లోంచి పుట్టాయి.

సంగీతం తండ్రిది. ఫ్రాన్సిస్ మెక్నర్ వృత్తిరీత్యా మనస్తత్వ శాస్త్రవేత్త, పియానో వాయిస్తాడు. 1931లో వియన్నాలో యూదు కుటుంబంలో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని దేశాలు దాటి న్యూయార్క్ చేరినవాడు. కరాటేకాకూ ఆయనే బాణీలు కట్టాడు. ఆటలో రాకుమారి గదిలో ఇసుక గడియారం తిరగేసినప్పుడు మోగే ఆ జాలి స్వరాల వెనక ఇంత ప్రయాణం ఉందని మనకెవరు చెప్పారు? తమ్ముడి ఒళ్లు, తండ్రి రాగం, అన్న పట్టుదల. ఒక ఇంటివాళ్లు చేసిన ఆట అది. ఇది నేను ముఖస్తుతికి అనడం లేదు. ఆ ఆటలో మనల్ని పట్టి ఉంచింది కచ్చితంగా ఆ ఇంటి ఊపిరే అని నా నమ్మకం.

‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ 1989 అక్టోబరు 3న ఆపిల్ టూ మీద విడుదలైంది. అప్పటికి ఆ కంప్యూటర్ కాలం చెల్లింది. మెచ్చినవాళ్లు మెచ్చారు, కొన్నవాళ్లు లేరు. మరుసటి ఏడు మామూలు పీసీల మీదికి వచ్చింది, అమెరికాలో అక్కడా మొదట అంతే. తర్వాత జపాన్, ఐరోపా చెయ్యందించాయి. అక్కడినుంచి అది ఏ కంప్యూటర్ దొరికితే ఆ కంప్యూటర్‌లోకి, ఏ దేశం దొరికితే ఆ దేశంలోకి పాకింది.

అలా తొంభైల్లో మా కంప్యూటర్ ల్యాబుల్లోకీ వచ్చింది.

గుంటూరులోనో, వరంగల్లులోనో, అమీర్‌పేటలోనో, ఎక్కడైనా ఆ ల్యాబు ఒకలాగే ఉండేది. గుమ్మం బయట చెప్పులు వదలాలి. లోపల ఏసీ చలి. గుడ్డ కప్పిన కంప్యూటర్లు. గోడకు డాస్ కమాండ్ల చార్టు. సారు లోపలుంటే బేసిక్ ప్రోగ్రాము, సారు బయటికెళ్తే ‘ప్రిన్స్’. ఇంట్లో టీవీకి తగిలించే గేముల్లో మారియో, కాంట్రా ఉండేవి. ల్యాబులో డేవ్ ఉండేవాడు. వాళ్లందరూ బొమ్మలు. ప్రిన్స్ మాత్రం మనిషి. ఎత్తునుంచి పడితే వాడు ముక్కలవలేదు, మూలిగాడు. ఇంకా ఎత్తునుంచి పడితే లేవలేదు. అప్పుడు మా చుట్టూ ఉన్న గుంపంతా “అయ్యో” అనేది. మారియో చచ్చినప్పుడు ఎవరూ అయ్యో అనలేదు.

ఒక్కడు ఆడితే ఆరుగురు వెనక నిలబడేవాళ్లం. ఆడేవాడికన్నా వెనకవాళ్లకే దారి బాగా తెలుసు.

“ఒరేయ్, షిఫ్ట్ పట్టుకో! షిఫ్ట్ పట్టుకుని నడువు, ముళ్లున్నాయక్కడ!”

“అన్నా, ఆ సీసా తాగకన్నా, అది నీలం.”

షిఫ్ట్ నొక్కి నడిస్తే ముళ్లమధ్యనుంచి మెల్లగా దాటొచ్చు, నొక్కి ఉంచితే అంచుకు వేలాడొచ్చు, కత్తి పక్కన నిలబడి నొక్కితే కత్తి చేతికొస్తుంది. ఆ ఒక్క మీట తెలిసినవాడు ల్యాబులో పెద్దమనిషి. మొదటి అంతస్తు దాటాక ఒక గది వచ్చేది, నిండా సీసాలు, ఒక్కో సీసామీద ఒక్కో అక్షరం. ఆటతో ఇచ్చిన పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరస, ఫలానా మాట మొదటి అక్షరం వెతికి ఆ సీసా తాగమనేది. ఫ్లాపీలో చేతులు మారి వచ్చిన ఆటకు పుస్తకం ఎక్కడిది? ఏ ప్రశ్నకు ఏ అక్షరం పనిచేసిందో నోటుబుక్కు చివరి పేజీలో రాసి పెట్టుకున్న సీనియర్లుండేవాళ్లు. ఆ పేజీకి పరీక్షల ముందు గైడ్లకున్నంత గిరాకీ. ఇంకా లోతు తెలిసినవాళ్లు ఆటను మామూలుగా తెరవకుండా ‘ప్రిన్స్’ పక్కన ‘మెగాహిట్’ అని కొట్టి తెరిచేవాళ్లు. అప్పుడు అంతస్తులు దాటవేయొచ్చు, ప్రాణాలు పెంచుకోవచ్చు.

కథ మాకు విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. సుల్తాను యుద్ధానికి వెళ్లాడు. మంత్రి జాఫర్ గద్దెమీద కన్నేశాడు. రాకుమారికి గంట గడువు. తనను పెళ్లాడాలి, లేదా చావాలి. చందమామ చదివిన పిల్లలకు ఈ మంత్రి ఎరిగినవాడే. మా పెద్దవాళ్లు 1968లో ఎన్టీఆర్ ‘బాగ్దాద్ గజదొంగ’ను, 1970లో విఠలాచార్య ‘ఆలీబాబా 40 దొంగలు’ను చూశారు. కాంతారావు కత్తి తిప్పడం చూసి పెరిగిన ఇళ్లు మావి. పర్షియా పేరుతో అమెరికాలో తయారైన ఆ కోట మాకు పరాయిదిగా ఎన్నడూ తోచలేదు.

ఆ గంట నిజమైన గంట. అరవై నిమిషాలు. ఆట ఆడుతున్నంతసేపూ గడియారం నడుస్తూనే ఉంటుంది. చచ్చి మళ్లీ లేచినా పోయిన నిమిషాలు తిరిగిరావు. ల్యాబులో మాకిచ్చే సమయం కూడా అంతే ఉండేది కాబట్టి, తెరలో రాకుమారికి ఎంత మిగిలిందో మాకూ దాదాపు అంతే మిగిలేది. ఎనిమిదో అంతస్తులో తలుపు మూసుకుపోయి, ఇక అయిపోయిందనుకున్నప్పుడు, రాకుమారి పంపిన తెల్ల చిట్టెలుక తుర్రున వచ్చి మీట తొక్కి తలుపు తెరిచేది. మొదటిసారి ఆ ఎలుకను చూసి ల్యాబంతా చప్పట్లు కొట్టింది.

అన్నిటికీ మించి నీడ. పన్నెండో అంతస్తు చేరినవాళ్లే తక్కువ. చేరినవాడు కత్తి దూస్తాడు, పొడుస్తాడు, తన ప్రాణమే తగ్గుతుంది. మళ్లీ పొడుస్తాడు, చస్తాడు. దాన్ని చంపి గెలవలేమని తెలియడానికి చాలాసార్లు చావాలి. ఎవడో విసిగిపోయి కత్తి ఒరలో పెట్టేస్తాడు. నీడ కూడా పెట్టేస్తుంది. ఎదురెదురుగా నడుస్తారు. ఇద్దరూ ఒకటైపోతారు. ఆ పైన ముందు శూన్యం, నేల లేదు. ధైర్యం చేసి పరుగెడితే పాదం పడినచోటల్లా రాయి పుడుతుంది. పదమూడేళ్ల పిల్లలకు, అదీ పాఠం పేరెత్తకుండా, అంత లోతైన సంగతి చెప్పిన ఆట నాకింకోటి తెలియదు. ఆ రోజు ఆ నీడ పుట్టింది కంప్యూటర్‌లో చోటు చాలక అని ఇవాళ తెలిసినా, నా దృష్టిలో దాని విలువ పెరిగిందే గానీ తగ్గలేదు.

ఇంత జరిగిన ఆటకు మూలప్రతి పోయింది.

ఆడే ప్రతులు లక్షల్లో ఉన్నాయి. జోర్డన్ స్వయంగా రాసిన మూలకోడు, అంటే రాకుమారుడు ఎందుకలా కదులుతాడో చెప్పే అసలు రాత, ఎక్కడా లేదు. 2003లో ‘శాండ్స్ ఆఫ్ టైమ్’ పేరుతో కొత్త తరం ఆట వచ్చింది. 2010లో డిస్నీ సినిమా వచ్చింది. కోడు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

2012 మార్చిలో న్యూయార్క్ నుంచి తండ్రి ఫోను చేశాడు. ఇల్లు సర్దుతుంటే అలమర వెనక నీ పాత సామాను పెట్టె దొరికింది, పంపించాను అని. లాస్ ఏంజెలిస్‌లో జోర్డన్ ఆ పెట్టె విప్పాడు. కరాటేకా పాత కాపీలు. వాటి మధ్య, పాత ఫ్లాపీలు కొన్ని. వాటిమీద తన చేతిరాతతోనే ఉంది, ప్రిన్స్ ఆఫ్ పర్షియా మూలకోడు అని.

దొరకడం సగం పనే. ఫ్లాపీలో అయస్కాంతపు పూత మీద రాసిన రాత ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. ఇరవై రెండేళ్లు దాటిన పళ్లాన్ని పాత డ్రైవులో పెట్టి తిప్పితే, చదివే తల రాసుకుని ఉన్న పూత కూడా లేచిపోవచ్చు. ఒక్కసారే అవకాశం కావచ్చు. పాత సాఫ్ట్‌వేర్‌ను కాపాడటమే పనిగా పెట్టుకున్న ఇంటర్నెట్ ఆర్కైవ్ మనిషి జేసన్ స్కాట్ తూర్పు తీరంనుంచి విమానంలో వచ్చాడు. పాత ఆపిల్ యంత్రాల మర్మం తెలిసిన టోనీ డియాజ్ తన పరికరాలతో వచ్చాడు. ఏప్రిల్ 16న జోర్డన్ ఇంట్లో కూర్చున్నారు. ముందు పోయినా ఫరవాలేదనుకున్న ఫ్లాపీలు చదివి చూశారు. తర్వాత అసలువి. ఒక్కో వలయం చదువుకుంటూ పోయింది డ్రైవు. రాత చెక్కుచెదరలేదు. తెరమీద వరసలు వరసలుగా అసెంబ్లీ భాష, పక్కన ఇరవైల్లో ఉన్న జోర్డన్ తనకోసం రాసుకున్న గుర్తులు. మర్నాడే దాన్ని గిట్‌హబ్‌లో అందరికీ తెరిచి పెట్టాడు.

మూసి పెట్టుకుని ఉంటే ఇంకో ఇరవై ఏళ్లకు అది నిజంగానే పోయేది. తెరవడంవల్ల ఎక్కడెక్కడివాళ్లో దాన్ని చదివారు, తెలియని యంత్రాలకు నేర్పారు. 2018లో బ్రిటన్‌లో కొందరు ఆ కోడునే తీసుకుని, ఆ ఆట ఎన్నడూ రాని పాత బీబీసీ మాస్టర్ కంప్యూటర్‌లో ఆడించారు.

ఆ ఫైళ్లలో కదలికల పట్టిక ఒకటుంది. అందులో పరుగుకు కేటాయించినవి ఎనిమిది బొమ్మలు, 7 నుంచి 14 వరకు. ఒక్కో బొమ్మ పక్కన అంకె. ఆ క్షణంలో మనిషి ఎన్ని చుక్కలు ముందుకు జరగాలో అది చెబుతుంది. లెక్క సులువు కావాలనుకునే ప్రోగ్రామరైతే అన్ని చోట్లా ఒకే అంకె వేసేవాడు. ఇక్కడ అంకెలు సమానంగా లేవు. పాదం నేలకు తగిలే చోట జోరు తగ్గుతుంది, రెండు పాదాలూ గాల్లో ఉన్నచోట పెరుగుతుంది. పాదం తగిలే బొమ్మల దగ్గర అడుగు చప్పుడు చెయ్యమని గుర్తుంది. కోడు ఏ కొత్త యంత్రానికి వెళ్లినా ఈ పట్టికా వెంట వెళ్తుంది, చాపక్వాలో ఆ అక్టోబరులో డేవిడ్ ఎక్కడ నెమ్మదించాడో, ఎక్కడ ఊపందుకున్నాడో ఆ వరసలోనే.